నడిమి గిన్నె

ఇంగ్లీషుకు ఒక పాడు గుణం ఉంది. ఒక మాట రాసి ఊరుకుంటానంటే కుదరదు. దాని వెనకాల ఒక చిన్న మాటను తోకలాగా తగిలించాలి. ఆ తోక కూడా మన ఇష్టప్రకారం కాదు. కోరికకు ‘ఫర్’ పెట్టాలి, భయానికి ‘ఆఫ్’ పెట్టాలి, నమ్మకానికి ‘ఇన్’ పెట్టాలి. ఎందుకయ్యా అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ తోకలు తెలియకనే నేను ఎస్సెల్సీలో ఇంగ్లీషు తప్పాను.

మా ఊరు ఆదోని బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్తలవి. మా నాయనది పత్తి వ్యాపారం. “సదివింది సాలు, ఇంక ఇంట్లో కూసో” అన్నాడు. నేను మూడు పూటలు అన్నం ముట్టలేదు. నాకు అప్పటికే పొడుగెక్కువ, నోరు ఇంకా ఎక్కువ. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోతుండేవి. నా పోరు పడలేక, ఇంకో సంబంధం వచ్చేదాకా అని, నాయన నన్ను ఐవారి దగ్గర ట్యూషన్‌లో చేర్చాడు. మా వైపు పంతుల్ని ఐవారు అంటాం. ఆయన భార్య ఐవారమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు.

ఐవారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. వసారాలో పదిమంది మగపిల్లలు కూర్చునేవాళ్ళు. వయసొచ్చిన ఆడపిల్ల వాళ్ళ పక్కన కూర్చోకూడదు గదా, అందుకని నాకు వంటింటి గడప మీద చోటిచ్చారు. ముందు వైపు పాఠం, వెనక వైపు పొయ్యి. నా వీపుకు పొగ తగులుతుండేది, చెవికి ఐవారి గొంతు తగులుతుండేది.

ఆయన ఆ తోకల్ని ఎక్కాల్లాగా వల్లె వేయించేవారు. నోట్‌బుక్కులో తోకకు ఒక పుట చొప్పున ఏడు పుటలు. ఆయన “డిజైర్” అనేవారు. మేమంతా “ఫర్!” అని అరవాలి. ఆయన “ఫియర్” అంటే మేము “ఆఫ్!” అనాలి. సరిగ్గా చెబితే ఒక్కసారి తల ఊపి తరవాతి మాటకు పోయేవారు. మెచ్చుకోలు అంటే ఆ ఊపుడే. తప్పు చెబితే రూళ్ళకర్రతో స్తంభాన్ని టపామని కొట్టి “మొద్దూ!” అనేవారు. నేనొకసారి ఉండబట్టలేక “ఎందుకు సార్ ఫర్? టు పెడితే ఏమి?” అని అడిగాను. “మీ అమ్మను అమ్మా అని ఎందుకంటాండావు? అట్లే ఇదీ. నోరు మూసుకొని నేర్చుకో” అన్నారు. మగపిల్లలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ సంవత్సరం పాసయ్యాను.

పాసైన తరవాత ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో చిన్న ఉద్యోగం దొరికింది. మా మేనత్త ఇల్లు ఆ ఊళ్ళోనే, మగ్గాల వీధిలో. “సంబంధం కుదిరేదాకానే” అని మా నాయన నాలుగుసార్లు చెప్పి బస్సెక్కించాడు. నేను పోయిన నెలలోనే ఐవారికి పక్షవాతం వచ్చిందని తెలిసింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇదుగో పోదాం, అదుగో పోదాం అనుకుంటూనే నలభై రోజులు గడిపాను. ఒక ఆదివారం పొట్లం కలకండ కట్టించుకుని పోయాను.

ఐవారు వసారాలోనే మంచం మీద ఉన్నారు, దిండ్లకు ఆనుకుని. ఐవారమ్మ గంజి తాపుతూ ఉంది. నన్ను చూడగానే ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. “నలభై దినాలాయె పాపా. ఒక్క మాట లేదు. నీళ్ళు కావల్నా అంటే మూలుగు, అన్నం కావల్నా అంటే మూలుగు. నేనేమని తెలుసుకోవాల సెప్పు?” అంది.

ఐవారు నా ముఖం వైపు కాసేపు చూశారు. పెదవులు వణికాయి. ఉన్నట్టుండి, అదే పాత గొంతుతో, స్పష్టంగా “డిజైర్” అన్నారు.

నాకు తెలియకుండానే నా నడుం నిటారైంది. “ఫర్, సార్!” అన్నాను.

ఆయన తల ఊపారు. “ఫియర్.”

“ఆఫ్, సార్.”

“బిలీఫ్.”

“ఇన్.”

ఐవారమ్మ చేతిలో గిన్నె జారి గంజంతా మంచం మీద పడింది. “మాట వచ్చినాదే! ఓ యక్కా, మాట వచ్చినాదే!” అని పక్కింటివాళ్ళను కేకేసింది. నలుగురూ వచ్చారు. తలా ఒక మాట అడిగారు. ఎవరికీ జవాబు లేదు, మళ్ళీ మూలుగే. అన్నం, నీళ్ళు, ఆకలి, నొప్పి — పుట్టినప్పటి నుంచి మాట్లాడిన తెలుగంతా ఎటు పోయిందో పోయింది. ముప్పై ఏళ్ళు వల్లె వేయించిన ఆ ఇంగ్లీషు మాటలు మాత్రం మిగిలాయి. తరవాత ఊళ్ళో డాక్టరు కూడా అదే చెప్పాడట, ఒక్కొక్కరికి అన్నీ పోయినా రోజూ జపం చేసింది నిలుస్తుంది అని.

అందరూ వెళ్ళిపోయాక ఐవారమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. “ఆయన ఏమన్నాడు, నువ్వేమి అన్నావు?” అని అడిగింది. అది పాఠమేనని, మాటకు తోక చెప్పానని చెప్పాను.

“నాకు నేర్పు” అంది.

“మీకా? చదువు రాదు గదా ఐవారమ్మా. అర్థాలు సెప్పాలంటే—”

“అర్థం నాకెందుకు పాపా? ఆయన ఒకటంటే నేనొకటనాల. తల ఊపాల. అంతే.” ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ముప్పై ఐదేండ్ల కాపురం. మీతో పొద్దంతా మాట్లాడినాడు. నాతో ఏయ్ నీళ్ళు, ఏయ్ అన్నం, ఇంతేనే. నేను అలగలా, అడగలా. ఇప్పుడు ఆ మాట గూడా పాయె. ఉండేటివి ఇవే. ఇవన్నా నాతో మాట్లాడనీ.”

ప్రతి ఆదివారం ఎమ్మిగనూరు నుంచి వచ్చి నేర్పుతానని మాటిచ్చాను. ఆయన నోట్‌బుక్కు తీసుకున్నాను, ఏడు పుటలు, ఏడు ఆదివారాలు అని లెక్క వేసుకున్నాను.

రాయడం చదవడం రాని మనిషికి ఎట్లా నేర్పాలో నాకు తోచలేదు. దారి ఆమే కనిపెట్టింది. ఇత్తడి పోపుల పెట్టె తెచ్చి ముందు పెట్టుకుంది. చుట్టూ ఆరు గిన్నెలు, నడిమిన ఒకటి. ‘ఫర్’ అంటే ఆవాలు. ‘టు’ అంటే జీలకర్ర. ‘ఆఫ్’ మెంతులు, ‘ఇన్’ ఉద్దిబేడలు, అంటే మినప్పప్పు, ‘ఆన్’ ఎండుమిరపకాయలు, ‘విత్’ పసుపు. నేను ఒక మాట చెబితే ఆ గిన్నెలో వేలు పెట్టి పదిసార్లు అనుకునేది. “డిజైర్ ఆవాలు, రెస్పెక్ట్ ఆవాలు, నీడ్ ఆవాలు. అటెన్షన్ జీలకర్ర.” పోపు పెట్టినప్పుడల్లా పాఠం గుర్తొస్తుందట. నడిమి గిన్నెలో ధనియాలు అయిపోయి ఉన్నాయి. “ఇది కడాపుటకు, ఏడోదానికి. ఆ పుట వచ్చేదాకా ఈడ ధనియాలు పొయ్యను” అంది. చింతపండు వేసి ఆ గిన్నెను తళతళా తోమిపెట్టింది.

మొదటి ఆదివారం నేర్పిన మాటలు తరవాతి ఆదివారానికి ఒక్కటీ పోలేదు. నేను గుమ్మంలో చెప్పులు విడవకముందే సంబరంగా చెప్పేది: “నిన్న ఇరవై మాటలు మాట్లాడుకున్నాం పాపా! ఒకటి తప్పు సెప్పినా. ఎడమచేత్తో మంచంపట్టె కొట్టినాడు సూడు! కోప్పడినాడు నన్ను!” అని నవ్వేది. మొగుడు కోప్పడితే అంత మురిసిపోయిన ఆడమనిషిని నేను మళ్ళీ చూడలేదు. పొద్దున స్నానం చేయించాక కాసేపు, దీపం పెట్టే ముందు కాసేపు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అదే సంభాషణ. ఆయన “రెస్పెక్ట్” అంటే ఈమె కొంగు సర్దుకుని “ఫర్” అంటుంది. ఆయన తల ఊపుతారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆరో ఆదివారం ‘విత్’ పుట. ఆ రోజు బస్సు దారిలో చెడిపోయి గంటన్నర ఎండలో నిలబడి వచ్చాను. తల పగిలిపోతోంది. ఆమెకేమో ‘విత్’ నోరు తిరగడం లేదు. పసుపు గిన్నెలో వేలు పెట్టి జీలకర్ర చెబుతుంది. “క్వారల్” అన్నాను. “టు” అంది. “కాదు. క్వారల్.” “టు... ఆఫా పాపా?” అంది. పదోసారో పదకొండోసారో నా నోట్లోంచి ఊడిపడింది: “మొద్దూ! ఎన్నిసార్లు సెప్పాల?”

వసారాలో టపామని చప్పుడైంది. ఐవారు ఎడమచేత్తో మంచంపట్టె కొట్టారు. ఆమె తప్పు జవాబుకు కొట్టారా, నా నోటికి కొట్టారా అంటే, ఆయన చూపు నామీదే ఉంది. ఐవారమ్మకు నవ్వు ఆగలేదు. “సూడు, నీకు గూడా పడినాది దెబ్బ!” అని పసుపు చేత్తో నా బుగ్గ గిల్లింది. నవ్వాల్సిన చోట నాకు ముఖం మాడిపోయింది. సిగ్గు కావాల్సింది కోపంగా మారింది, అదీ నా బుద్ధి. పొయ్యేటప్పుడు “వచ్చే ఆదివారం నడిమి గిన్నె నింపేద్దాం, రా పాపా. మజ్జిగ చేసి పెట్టింటా” అంది. వస్తానని చెప్పి వచ్చాను.

వచ్చే ఆదివారం నేను పోలేదు.

శ్రావణమాసం. మా బడిలో పంతులమ్మలు ఇద్దరు ఉరుకుంద ఈరన్న జాతరకు పోతూ నన్నూ రమ్మన్నారు. ఆదోని బస్సు, ఉరుకుంద బస్సు రెండూ నిలబడి ఉన్నాయి. నేను ఉరుకుంద బస్సెక్కాను. ఒక్క వారం ఆలస్యమైతే ఏమైపోతుంది, ఆ ముసలామె యాడికి పోతుంది, ఆయనెక్కడికి పోతాడు అనుకున్నాను. దర్శనం చేసుకున్నాను, బొరుగులు తిన్నాను, ఆకుపచ్చ గాజులు వేయించుకున్నాను. నా మొహానికి గాజులు ఒకటి!

బుధవారం నాడు ఆదోని నుంచి నూలు తెచ్చిన మనిషి మా మేనత్తతో మాటల్లో అన్నాడు, ఐవారు ఆదివారం మాపున పోయినారని. నేను ఉన్నపళంగా బస్సెక్కాను.

వసారాలో మంచం నిలబెట్టి ఉంది. ఐవారమ్మ వంటింటి గడప మీద, నేను కూర్చునే చోటులో కూర్చుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. పక్కన కూర్చోమని చేత్తో సైగ చేసింది.

“ఆ పొద్దు బాగుండె పాపా. మజ్జిగ చేసి పెట్టి నీ కోసం సూస్తి. మధ్యాహ్నం దాకా రాకపోతివి. సరేలే, ఏం పనిబడిందో అని నేనే కూసుంటి. పది మాటలడిగినాడు, పదీ సెప్పినా. పసుపు గిన్నెవి గూడా సెప్పినా. ఊపినాడు. అంతలో ఒక కొత్త మాట అడిగినాడు. డిఫరెన్స్ అని. నేను ఎప్పుడూ వినలా. ఫర్ అన్నా. ఊపలా. టు అన్నా. ఆరు గిన్నెలూ తిప్పి తిప్పి సెప్పినా పాపా. మళ్ళా డిఫరెన్స్ అన్నాడు, మళ్ళా డిఫరెన్స్. కోప్పడలా. పట్టె కొట్టినా బాగుండు. కండ్లల్లో నీళ్ళు పెట్టుకొని గోడ తట్టు తిరుక్కున్నాడు. దీపం పెట్టేటప్పటికి అయిపాయె.”

డిఫరెన్స్. కడాపుటలో మొట్టమొదటి మాట. దాని తోక ‘బిట్వీన్’. ఆ ఆదివారం నేను పోయి ఉంటే ఆమెకు మొదట నేర్పేది అదే.

ఆమె నా వైపు తిరిగింది. “ఆ మాట నడిమి గిన్నెలోదా పాపా?”

నా చేతులకు ఆకుపచ్చ గాజులు ఇంకా అట్లే ఉన్నాయి. వాటిని కొంగు కింద దాచుకున్నాను. ఔను అంటే, ఎందుకు రాలేదని అడుగుతుంది. అడగకపోయినా నా ముఖంలో తెలుస్తుంది. ఆమెకు ఊరటగా ఉంటుందని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు, కానీ ముందు నన్ను నేను కాపాడుకోవాలనే అనిపించింది.

“కాదు ఐవారమ్మా. ఆవాల గిన్నెలోదే. మీరు మొదట సెప్పిందే సరి” అన్నాను.

“సరిగ్గానే సెప్పినానా?”

“సరిగ్గానే సెప్పినారు.”

ఆమె ముఖం తేటపడుతుందనుకున్నాను. అట్లా జరగలేదు. నిలబెట్టిన మంచం వైపు చూస్తూ మెల్లగా అడిగింది. “సరిగ్గా సెప్తే మరి తల ఎందుకు ఊపలా?”

అంతలో ఎవరో పలకరించడానికి వచ్చారు. అదే సందు అనుకుని లేచి వచ్చేశాను. బస్సు దాకా పరుగెత్తినట్టే పోయాను.

కర్మలయ్యాక ఐవారమ్మ హాలహర్విలో తమ్ముడి ఇంటికి చేరిందని విన్నాను. రెండుసార్లు పోవాలని బయలుదేరి ఆదోని బస్టాండు నుంచే వెనక్కి తిరిగాను. బడిలో పిల్లలు తప్పు చెబితే అరవడానికి నాకు నోరు రాకుండా పోయింది. ఎనిమిది నెలలు అట్లా మోశాను. ఉగాదికి ముందు, ఎండలు ముదిరిన రోజుల్లో, ఇంక తట్టుకోలేక హాలహర్వి పోయాను.

ఆమె ఇంటి వెనక సాయమానులో, చిన్న పంచ కింద, జొన్నలు చెరుగుతూ ఉంది. సగమైపోయింది మనిషి. పక్కన గూట్లో పోపుల పెట్టె, మూత లేకుండా. ఆరు గిన్నెల్లో సరుకులున్నాయి. నడిమి గిన్నె ఖాళీగా ఉంది.

నేను నోరు తెరిచేలోపల ఆమే మొదలుపెట్టింది, ఎనిమిది నెలలుగా ఆ మాట మధ్యలో ఆపి నా కోసం ఉంచినట్టు. “ఆ పొద్దు నీళ్ళు పోసేటప్పుడు నా చెయ్యి గట్టిగా తగిలిందేమో. లేకపోతే సంగటి సల్లారిపోయిందేమో. ముందుదినం పక్కింటామెతో ఎక్కువసేపు నిలబడి మాట్లాడినా, అది మనసులో పెట్టుకున్నాడో ఏమో. సరిగ్గా సెప్పినా ఊపలా అంటే, నా మీద ఏదో ఉండాది పాపా ఆయనకు. ఏం తప్పు సేసినానో తెలిస్తే సాలు. పడుకుంటే అదే, లేస్తే అదే.”

నేను నా తప్పు దాచుకుంటే, లేని తప్పు కోసం ఈ తల్లి ఎనిమిది నెలలుగా తన ఒళ్ళంతా వెతుక్కుంటోంది! నేలమీద కూలబడి ఆమె కాళ్ళు పట్టుకున్నాను. “అబద్ధం సెప్పినా ఐవారమ్మా. అది నడిమి గిన్నెలోదే. నేను నేర్పలేదు. ఆ పొద్దు నేను ఉరుకుంద పోయినా, జాతరకు. మీ దగ్గరికి రాకుండా జాతరకు పోయినా” అన్నాను.

చెరిగే చేట ఆగిపోయింది. “అంటే నేను సెప్పింది తప్పేనా?”

“తప్పే. ఆరూ తప్పే.”

“తప్పు కాబట్టే ఊపలా?”

“తప్పు కాబట్టే.”

ఆమె చేట పక్కన పెట్టింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదని తమ్ముడి భార్య తరవాత నాతో చెప్పింది. వేళ్ళ సందుల్లోంచి “తప్పు సెప్పినానా! నా మీద ఏమీ లేదా ఆయనకు! తప్పు సెప్పినాననే గదా!” అంటోంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళు తుడుచుకున్నాక ఒక్కటే అడిగింది: “ఇన్ని దినాలు ఎట్లా పెట్టుకొని ఉంటివమ్మా?”

కాసేపటికి లేచి గూట్లోంచి పోపుల పెట్టె తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టింది. “ఏందది?” అంది.

“బిట్వీన్.”

నడిమి గిన్నెలో వేలు పెట్టి పదిసార్లు అనుకుంది. నోరు తిరగలేదు. మళ్ళీ అనుకుంది. నేను ఓపికగా కూర్చున్నాను, జీవితంలో మొదటిసారి. సరిగ్గా వచ్చాక ఆమె కొంగు సర్దుకుంది, పాఠం అప్పచెప్పే పిల్లలాగా నిటారుగా కూర్చుంది.

“ఇప్పుడు అడుగు” అంది.

“డిఫరెన్స్” అన్నాను.

“బిట్వీన్.”

నేను తల ఊపాను. ఆమె నా వైపు చూడటం లేదు, ఆయన ఊపుడు కోసం చూస్తున్నట్టు నా పక్కన ఖాళీ చోటు వైపే చూస్తోంది.